మనది కాని గుర్రం కోసం ఏడవడం పిచ్చా?

పశువుల డాక్టరునైన నాకు ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే బాధ గురించి ఉన్నాయి: నయం కాని జబ్బు పడిన జంతువు కోసం మనిషి పడే బాధ. పాలు తగ్గిన గేదెలు, కోళ్ల కొక్కెర తెగులు ప్రశ్నలు వచ్చే సంచికకు ఉంచి, వీటికే జవాబు రాస్తున్నాను. రాసినవాళ్ల పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: డాక్టరు గారూ, మాది గుత్తి దగ్గర పల్లె. ఎనిమిదేళ్లుగా బెంగళూరులో డ్రైవర్‌గా పనిచేస్తున్నాను. ఆదివారం సెలవు దొరికితే రేసులకు పోయేవాణ్ని. పందెం కాసింది తక్కువ, చూసింది ఎక్కువ. అక్కడ ఒక గుర్రాన్ని మేమంతా పెద్దోడు అని పిలుచుకునేవాళ్లం. మొదట్లో అన్నిటికంటే వెనక ఉండి, ఆఖరి మలుపు తిరిగినాక బయటివైపు నుంచి ఒక్కొక్కదాన్నీ దాటుకుంటూ వచ్చేవాడు. వాడు వస్తాంటే ఒళ్లు జలదరించేది సార్. మూడేళ్ల కింద రిటైర్ చేసి ఫారానికి పంపినారు. పోయిన నెల గిట్టలకు లామినైటిస్ అనే జబ్బు వచ్చిందని, లోపల ఎముక కిందికి దిగిందని, ఇంక లాభం లేదని అక్కడి సైసు (గుర్రాన్ని చూసుకునే మనిషి) ఫోన్ చేసి చెప్పినాడు. మా వాట్సాప్ గ్రూపులో నలభై మందిమి ఉన్నాం, ఎవరికీ సరిగా నిద్ర లేదు. మా ఇంటామె "మా నాయన పోయినప్పుడు కూడా నువ్వు ఇట్ల ఏడవలేదు" అంటాంది. జబ్బు కాళ్లకే కదా, మూడు కాళ్లతో కుక్కలు బతకడం లేదా, వీణ్నెందుకు బతికించలేరు? వాడు నా గుర్రం కాదు, ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. ఇది పిచ్చా?

జవాబు: పిచ్చి కాదు నాయనా. ముందు జబ్బు సంగతి చెప్తాను, ఎందుకంటే అది అర్థం కాకపోతే "బతికించగలిగీ వదిలేశారు" అనే ముల్లు నీ మనసులో ఎప్పటికీ ఉండిపోతుంది.

గుర్రం ఒక్కో కాలికి ఒక్క వేలి కొన మీద నిలబడుతుంది. ఆ వేలికి తొడిగిన గోరే గిట్ట. గిట్ట లోపల ఒక ఎముక ఉంటుంది, దాన్ని గిట్ట గోడకు పట్టి ఉంచేవి సన్నటి పొరలు. నీ రెండు చేతుల వేళ్లూ ఒకదాని సందులో ఒకటి దూర్చి గట్టిగా పట్టుకో, ఆ పొరల పట్టు అట్లా ఉంటుంది. నాలుగు వందల యాభై, ఐదు వందల కిలోల బరువు ఆ పట్టు మీదే ఆధారపడి ఉంది. లామినైటిస్ అంటే ఆ పొరలు వాచి, పట్టు వదిలేయడం. పైనుంచి ఒంటి బరువు తోస్తుంది, వెనక నుంచి స్నాయువు (కండను ఎముకకు కట్టి ఉంచే తాడు లాంటిది) లాగుతుంది, ఎముక మొన తిరిగి అరికాలి వైపు దిగుతుంది. గోరు ఊడొచ్చే వేలిని నేలకు ఆనించి, దాని మీదే మన బరువంతా మోపి నిలబడితే ఎట్లుంటుందో ఊహించుకో. ఆ నొప్పికి గుర్రం ముందు కాళ్లు ముందుకు చాచి, బరువంతా వెనక్కి వేసి, గోడకు ఆనుకున్నట్టు నిలబడుతుంది. దూరం నుంచి చూసినా తెలిసిపోతుంది. గిట్ట మీద చెయ్యి పెడితే వేడిగా తగులుతుంది, మడమ పైన నాడి టకటక కొట్టుకుంటూ ఉంటుంది.

దాణా మితిమీరి తినడం వల్ల వస్తుంది, ఒంట్లో పెద్ద ఇన్ఫెక్షన్ వల్ల వస్తుంది, వయసు మీద పడ్డాక హార్మోన్ల తేడా వల్లా వస్తుంది. తొలి గంటల్లో కాళ్లు ఐసులో పెట్టి, నొప్పి మందు ఇచ్చి, అడుగున మందంగా రంపపు పొట్టు పోసి, ప్రత్యేకంగా చేయించిన లాడాలు వేసి చాలావాటిని నిలబెడతారు. ఎముక బాగా దిగిపోయాక మాత్రం దాన్ని పైకి తెచ్చే మందు లేదు.

కుక్క సంగతి అడిగావు. పదిహేను కిలోల కుక్క మూడు కాళ్ల మీద గెంతుతూ బతికేస్తుంది. గుర్రం ఒక కాలు ఎత్తితే ఆ బరువు పక్క కాలి మీద పడి, మంచి కాలికి కూడా ఇదే జబ్బు పట్టుకుంటుంది. పోనీ పడుకోబెడదామంటే అంత బరువుకు కిందివైపు కండలు నలిగిపోతాయి, ఊపిరి ఆడదు, పుండ్లు పడతాయి.

బార్బరో అని అమెరికా గుర్రం ఉండేది. 2006 మే 6న కెంటకీ డెర్బీ పందెం ఆరున్నర లెంగ్తుల (లెంగ్తు అంటే ఒక గుర్రం పొడవు) తేడాతో గెలిచాడు. సరిగ్గా రెండు వారాలకు, మే 20న ప్రీక్‌నెస్ పందెంలో కుడి వెనక కాలు ముక్కలైంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి ప్లేటు పెట్టి 27 స్క్రూలు బిగించారు. ఆ కాలు అతుక్కుంటోంది అనుకునే సమయానికి, జులైలో, బరువు మోసిన ఎడమ కాలికి లామినైటిస్ వచ్చింది. ఆ గిట్ట గోడలో ఎనభై శాతం దాకా తీసేశారు. జనవరికి ముందు కాళ్లు రెండింటికీ పాకింది. అంత డబ్బు, అంత పెద్ద డాక్టర్లు, ఎనిమిది నెలల పోరాటం, అయినా 2007 జనవరి 29న సూది ఇచ్చి శాశ్వతంగా నిద్రపుచ్చక తప్పలేదు. ఆ ఎనిమిది నెలలూ ఆసుపత్రికి జనం పూలు, కార్డులు, యాపిల్స్, క్యారెట్లు పంపుతూనే ఉన్నారు. వాళ్లలో వాణ్ని ముట్టుకున్నవాళ్లు ఎందరుంటారు? 1973లో బెల్మాంట్ పందెం 31 లెంగ్తుల తేడాతో గెలిచిన సెక్రటేరియట్‌ను కూడా 1989 అక్టోబర్ 4న, పందొమ్మిదేళ్ల వయసులో, ఈ జబ్బే తీసుకుపోయింది. కాబట్టి పెద్దోణ్ని ఎవరూ వదిలేయలేదు.

ఇక నీ ఏడుపు. ఎనిమిదేళ్లు ఊరుగాని ఊళ్లో బండి తోలుకుంటూ, వారమంతా ఎదురుచూసి నువ్వు చూసుకున్నది వాణ్ని. వాడు వెనకబడి ఉన్నప్పుడు నీ గుండె ఎట్లా కొట్టుకుందో, బయటివైపు నుంచి వచ్చేటప్పుడు నీ గొంతు ఎట్లా లేచిందో అవన్నీ నీ బతుకులోవే. వాడితో పాటు అవి పోతున్నట్టు అనిపించడంలో తప్పేముంది? ఏడువు.

మీ ఇంటామె మాట గురించి ఒక్కటి చెప్పాలి. అందులో నాకు ఎగతాళి వినపడలేదు, నొప్పి వినపడింది. ఆమె అడుగుతున్నది గుర్రం గురించి కాదు, వాళ్ల నాయన గురించి. ఈ రోజు రాత్రి ఫోన్ చేసి ఆయన గురించి మాట్లాడు. ఆ రోజు నీకు ఏడుపు ఎందుకు రాలేదో నీకే తెలుసు, అది ఆమెకు చెప్పు.

పెద్దోడి కోసం మీ నలభై మంది చేయగలిగింది ఉంది. గుంపుగా ఫారం మీద పడొద్దు, నొప్పిలో ఉన్న గుర్రానికి కొత్త మనుషులు, అలికిడి టెన్షన్. యజమానికి ఫోన్ల మీద ఫోన్లు చేసి ఇంకొన్నాళ్లు ఉంచమని బతిమాలొద్దు, అది వాడి కోసం అడిగేది కాదు, మన కోసం అడిగేది. రాత్రీ పగలూ వాడి దగ్గరే కూర్చుంటున్న ఆ సైసును తలుచుకోండి. అందరికంటే ఎక్కువ పోగొట్టుకుంటున్నది అతనే, అతని గురించి ఎవరూ ఉత్తరం రాయరు. అయిపోయాక తోక వెంట్రుకలు కొన్ని అడిగి తీసుకోండి. గుర్రాన్ని పోగొట్టుకున్నవాళ్లు చాలామంది అట్లా దాచుకుంటారు, యజమానులు కాదనరు. (తోక అంటే గుర్తొచ్చింది. పోర్చుగీసు వ్యాపారి నూనిజ్ రాసిన దాంట్లో, విజయనగరాన్ని ఏలిన సాళువ నరసింహరాయలు ఓడల్లో వచ్చే గుర్రాలు కొనేటప్పుడు, సముద్రం మీద చచ్చిపోయినదానికి కూడా తోక తెచ్చి చూపిస్తే బతికున్నదానితో సమానంగా ధర ఇచ్చేవాడని ఉంది. ఆ గుర్రాలు తిరిగిన నేల మనది, పెనుకొండ కోట చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు.) పందెం డబ్బు మాత్రం వాడితోనే ఆపేయ్.

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఎక్కడో విదేశంలో ఉన్న ఒక ముసలి రేసు గుర్రం వీడియోలు రోజూ చూస్తుంది. దానికి నయం కాని జబ్బని తెలిసి రెండు రోజులుగా అన్నం సరిగా తినడం లేదు. "గుర్రం మనకేమవుతుంది" అని వాళ్ల నాన్న కోప్పడ్డారు. పరీక్షలు దగ్గరకొచ్చాయి. ఏం చెప్పాలి?

జవాబు: ఏమీ చెప్పకండమ్మా, అడగండి. ఆ గుర్రం పేరేంటి, ఏ పందెం గెలిచింది, ఏం తింటుంది, పక్కన కూర్చుని వీడియో చూపించమనండి. పిల్లలకు చావు మొదటిసారి ఇట్లా దూరంగానే కనపడుతుంది, తాతనో నాయనమ్మనో పోగొట్టుకోక ముందే. ఇప్పుడు "ఛీ, ఊరుకో" అంటే రేపు పెద్ద బాధ వచ్చినప్పుడు మీ దగ్గరకు రాదు. "తగ్గిపోతుందిలే" అని అబద్ధం మాత్రం చెప్పొద్దు, ఫోన్లో నిజం మీకంటే ముందు తనకే తెలుస్తుంది. వాళ్ల నాన్నగారితో నేను చెప్పానని చెప్పండి: ఆ పిల్లకు జాలి గుండె ఉంది, అది కోప్పడే విషయం కాదు. రెండు రోజులు కాదు, రెండు వారాలు దాటినా తిండి, నిద్ర, చదువు గాడిన పడకపోతే అప్పుడు డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: అయ్యా, మాది ఆలూరు దగ్గర ఊరు. మా ఎద్దు ఏడేళ్లు బండలాగుడు పోటీల్లో పేరు తెచ్చింది. ఇప్పుడు కొమ్ము క్యాన్సర్ ముదిరింది, ముక్కులో నుంచి రక్తం కారతా ఉంది, మేత ముట్టడం లేదు. మందు పని చేయదని, నొప్పి లేకుండా పంపిద్దామని మా డాక్టరు అంటున్నాడు. ఊళ్లోవాళ్లు, చుట్టుపక్కల ఊళ్ల నుంచి చూడ్డానికి వచ్చేవాళ్లు శివుడి వాహనాన్ని చంపితే పాపం అంటున్నారు. నేనేం చేసేది?

జవాబు: మీ ఉత్తరం చదివి చాలాసేపు కూర్చుండిపోయాను. నేను ఉద్యోగంలో కొత్తగా ఉన్నప్పుడు పత్తికొండ వైపు ఇట్లాంటి ఎద్దు ఒకటి నా చేతుల మీదుగా పోయింది. బండ దగ్గర దానికి కాడి ఎత్తితే జనం లేచి నిలబడేవాళ్లు. మొదట తల ఊరికే విదిలించేది, ఈగలేమో అనుకున్నారు. తర్వాత కొమ్ము ఒక పక్కకు వాలింది. అప్పుడే నా దగ్గరకు తెచ్చి ఉంటే కొమ్ము మొదలంటా తీసేసి కాపాడే అవకాశం ఉండేది. తెచ్చేసరికి కొమ్ము లోపలంతా కుళ్లి, పురుగులు పడ్డాయి. పంపిద్దాం అన్నాను. వద్దన్నారు. ఊళ్లకు ఊళ్లు వచ్చాయి, బెల్లం, అరటిపండ్లు, రాగి సంకటి ముద్దలు తెచ్చి దాని ముందు పెట్టి దండం పెట్టుకున్నారు, అది వాసన చూసి మొహం తిప్పుకునేది. అంత ప్రేమ ముందు నేను నోరు మూసుకున్నాను. రోజూ పోయి కట్టు మార్చాను. రెండు నెలలు. ఆఖరి వారం అది తలను నేలకు ఆనించి, కన్ను కూడా తెరవలేక, పళ్లు కొరుకుతూ ఉండేది. పశువు పళ్లు కొరికేది నొప్పికే. ఆ చప్పుడు రాత్రిపూట ఇప్పటికీ నాకు వినపడుతుంది. ఆ రెండు నెలలు ఆ ఎద్దుకు నేను చేసిన అన్యాయం. ఊరు చేసింది కాదు, ఊరికి తెలియదు, నాకు తెలుసు.

పాపం అంటున్నవాళ్లను ఒక రాత్రి దాని పక్కన కూర్చోమనండి. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కూడా, ఇంక బతికించి ఉంచడమే హింస అయ్యే స్థితి ఒకటి ఉంటుందని ఒప్పుకుంటుంది. దాని కష్టం తిన్నాం, దాని పేరు చెప్పుకుని తిరిగాం, ఆఖరి నొప్పి కూడా దాని మీదే వేస్తే ఎట్లా?

ముందు మత్తు మందు ఇస్తారు, అది మెల్లగా కూర్చుంటుంది, తర్వాతి సూదికి ఏమీ తెలియదు. తల దగ్గర మీరే ఉండండి, దానికి మీ గొంతు తెలుసు. చూడాలనుకున్నవాళ్లను ముందురోజు సాయంత్రం రమ్మనండి, పసుపు కుంకుమ పెట్టుకోనివ్వండి, ఆ పూట మాత్రం ఇంటివాళ్లు చాలు. గుంత జేసీబీతో లోతుగా, బావికి దూరంగా తీయించండి. కళేబరాన్ని బయట పారేయొద్దు, ఆ మందు తిన్న కుక్కలు, పక్షులు చచ్చిపోతాయి. పశువుల నొప్పికి వాడిన డైక్లోఫెనాక్ వల్లే మన రాబందుల్లో చాలామటుకు పోయి, 2006లో పశువులకు ఆ మందు నిషేధించాల్సి వచ్చింది. దాని జోడు ఎద్దును కాసేపు దగ్గరకు తెచ్చి వాసన చూడనివ్వండి, లేకపోతే అది రోజుల తరబడి అరుస్తుంది, నేను చూశాను.

ఉత్తరంలో మీ నంబరు ఉంది కాబట్టి ఇది అచ్చయ్యేదాకా ఆగకుండా మీతో మాట్లాడాను, మీ డాక్టరుతో కూడా మాట్లాడాను. గురువారం పొద్దున ఆయనతో పాటు నేనూ వస్తాను. ఎండ ఎక్కకముందే పెట్టుకుందాం. అంతవరకూ వేపచెట్టు కింద నీడలోనే ఉంచండి, తడిగుడ్డతో ముక్కు తుడుస్తూ ఉండండి, బెల్లం నీళ్లు తాగితే తాగనివ్వండి, బలవంతం మాత్రం చేయొద్దు.