పాత ఆల్టోకు లోయర్ ఆర్మ్ బుష్ ఇంటి దగ్గరే మార్చుకోవచ్చా?

మీ 2007 నాటి ఆల్టో స్పీడ్ బ్రేకర్ దిగిన ప్రతిసారీ ఎడమవైపు ముందు చక్రం దగ్గర టక్కుమంటోందని, మహబూబ్‌నగర్‌లో చూపిస్తే లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కారు అడుగుభాగానికి కలిపే ఇనుప చేయి) కీలులోని రబ్బరు బుష్ పోయిందన్నారని, దాన్ని ఇంటి దగ్గరే మార్చుకోవచ్చా, మొత్తం ఆర్మ్ కొనాలా అని అడిగారు. మార్చుకోవచ్చు. నేను నల్లగొండలో లెక్కల మాస్టారుని, మెకానిక్‌ను కాను. అయినా నా 2006 ఆల్టోకు ఈ పని రెండుసార్లు చేశాను. రెండోసారి చేయాల్సి రావడానికి కారణం మొదటిసారి నేను చేసిన తప్పే కాబట్టి, ఆ తప్పు గురించే ఎక్కువగా రాస్తాను.

విప్పడానికి ముందు చప్పుడు ఎక్కడిదో నిర్ధారించుకోండి. ఈ ఆల్టోలో లోయర్ ఆర్మ్‌కు లోపలి చివర ఒకే బుష్ ఉంటుంది. చక్రం ముందుకూ వెనక్కూ జరగకుండా పట్టి ఉంచేది ఆర్మ్ బయటి చివర బిగించిన స్టెబిలైజర్ బార్. అందువల్ల బ్రేకు వేసినప్పుడే చప్పుడు వస్తుంటే ముందుగా ఆ బార్ రబ్బర్లను అనుమానించాలి. గుంతల్లో, స్పీడ్ బ్రేకర్ల మీద వస్తుంటే ఆర్మ్‌కూ క్రాస్ మెంబర్‌కూ (కారు కింద అడ్డంగా ఉండే ఇనుప దూలానికీ) మధ్య జాకీ రాడ్డు లాంటిది పెట్టి మెల్లగా ఎత్తి చూడండి. బుష్ రబ్బరు కొద్దిగా సాగి మళ్లీ యథాస్థానానికి వస్తే బాగున్నట్టు, లోపలి గొట్టం కొట్టుకుంటూ కదిలితే లేదా రబ్బరు లోహం నుంచి ఊడి కనిపిస్తే పోయినట్టు. అదే సమయంలో ఆర్మ్ బయటి చివర చక్రం వైపు భాగాన్ని పట్టి ఉంచే గుండు కీలు, అంటే బాల్ జాయింట్‌లో కూడా ఆట (వదులు) ఉందేమో చూడండి. మీ రెండో ప్రశ్నకు జవాబు అక్కడే దొరుకుతుంది: బాల్ జాయింట్ కూడా వదులైతే కొత్త బుష్, కొత్త బాల్ జాయింట్‌తో వచ్చే పూర్తి ఆర్మ్ కొనడమే మేలు, బుష్‌ను ప్రెస్ చేసే బాధ కూడా తప్పుతుంది. జాయింట్ గట్టిగా ఉంటే బుష్ ఒక్కటి చాలు.

ఇప్పుడు నా తప్పు. బుష్ అంటే బయట ఒక ఇనుప గొట్టం, లోపల మరొక ఇనుప గొట్టం, ఆ రెంటికీ అతికించిన రబ్బరు. బోల్టు బిగించగానే లోపలి గొట్టం బ్రాకెట్ చెవుల మధ్య కదలకుండా ఇరుక్కుపోతుంది. ఆ తరువాత ఆర్మ్ ఎంత పైకి లేచినా, ఎంత కిందికి దిగినా గొట్టం తిరగదు, రబ్బరే మెలి తిరుగుతుంది. అంటే ఏ స్థితిలో బిగిస్తే ఆ స్థితినే రబ్బరు తన విశ్రాంతి స్థితిగా పెట్టుకుంటుంది. నేను 2019లో కారును స్టాండ్ల మీద ఉంచి, చక్రం కిందికి వేలాడుతుండగానే బోల్టును బలంగా బిగించేశాను. కారు నేల మీదికి దిగిన క్షణం నుంచీ ఆ రబ్బరు మెలిపడిన స్థితిలోనే బతికింది. అయిదు నెలలు కాకముందే మళ్లీ పాత చప్పుడు. డూప్లికేట్ సరుకు అంటగట్టారని మనసులో దుకాణదారుణ్ణి తిట్టుకుంటూ ఆ బుష్‌ను ఊరిలోని ఒక లేత్ షాపుకు తీసుకుపోతే, అక్కడి పెద్దాయన చిరుగు చుట్టూ ఒకే వాటంగా పోయి ఉండటాన్ని వేలితో చూపించి, “గాలిల ఏలాడుతుంటెనే బిగించినవా సారూ?” అని నవ్వాడు. నల్లగొండ ఎండల్లో ఏ రబ్బరైనా త్వరగానే గట్టిపడుతుంది, కానీ ఆ నేరం మాత్రం ఎండది కాదు.

కారును ఎత్తేటప్పుడు ముందు రెండు చక్రాలనూ ఎత్తండి. ఒక్క వైపే ఎత్తితే స్టెబిలైజర్ బార్ మెలి మీద ఉండి, నట్టు విప్పగానే ఎగిరి చేతికి తగలవచ్చు. జాక్ స్టాండ్లు తప్పనిసరి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు, రాళ్లు పేర్చి వాటి మీద కారు నిలబెట్టి కిందికి దూరవద్దు. మా ఇంటి ముందు షాబాద్ బండలు పరిచి ఉన్నాయి. స్టాండు కాళ్ల కింద బండ పగిలిపోతుందన్న భయంతో మందపాటి చెక్క వేశాను. వెనుక చక్రాలకు ముందూ వెనుకా అడ్డు పెట్టడం మరవకండి.

బోల్టులకు ముందు రోజు రాత్రే తుప్పు వదిలే నూనె కొట్టి ఉంచండి. స్టెబిలైజర్ బార్ చివర వాషర్లు, రబ్బర్లు ఏ వరుసలో, ఏ ముఖంతో ఉన్నాయో విప్పే ముందు ఫోన్‌లో ఫోటో తీసుకోండి, నాకు అది ఒక గంట మిగిల్చింది. బాల్ జాయింట్‌ను పట్టి ఉంచే బోల్టు ఆ జాయింట్ కాడ మీది గాడిలోంచి పోతుంది కాబట్టి దాన్ని వదులు చేస్తే చాలదు, పూర్తిగా బయటికి తీయాలి. ఆర్మ్ విడివడిన తరువాత చక్రం వైపు భాగాన్ని బయటికి లాగవద్దు. లాగితే చక్రాన్ని తిప్పే డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింట్ ఊడే ప్రమాదం ఉంది. దాన్ని ఒక తాడుతో కట్టి ఉంచండి, బరువు బ్రేకు గొట్టం మీద పడనీయకండి.

పాత బుష్ ఊడదీయడానికి చాలామంది రబ్బరును కాలుస్తారు. ఆ పొగ మంచిది కాదు, పైగా అవసరం లేదు. ఊడదీసే ముందు బుష్ ఆర్మ్ అంచు నుంచి ఎంత బయటికి ఉందో కొలిచి రాసుకుని, బెంచ్ వైస్‌లో ఒకవైపు బుష్ కంటే కాస్త చిన్న సాకెట్, మరోవైపు దానికంటే పెద్ద సాకెట్ పెట్టి నొక్కితే చాలావరకు వచ్చేస్తుంది. మొరాయిస్తే రబ్బరు తీసేసి, ఆక్సా బ్లేడుతో బయటి గొట్టాన్ని మాత్రమే, ఆర్మ్ లోహానికి గాటు పడకుండా, నిలువుగా కోయాలి. రంధ్రంలోని తుప్పును ఉప్పుకాగితంతో తుడిచి, కొత్త బుష్‌ను బయటి గొట్టం మీద మాత్రమే ఒత్తిడి పడేలా తిన్నగా ఎక్కించండి. రబ్బరుకు ఇంజిన్ ఆయిల్, గ్రీజు తగలనీయవద్దు, రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. సబ్బునీళ్లు చాలు. నేను రెండోసారి ఈ కుస్తీ పట్టకుండా లేత్ షాపు ప్రెస్ మీదే వేయించుకున్నాను, పది నిమిషాల పని. మీరూ అలాగే చేయించుకోవడమే నయం.

తిరిగి అమర్చేటప్పుడు బాల్ జాయింట్ బోల్టును పూర్తిగా బిగించండి, బుష్ బోల్టును మాత్రం ఊడిపోకుండా ఉండేంతవరకే వదులుగా పెట్టండి. చక్రాలు ఎక్కించి, ముందు టైర్లు రెండింటి కింద వెడల్పాటి, మందపాటి చెక్క పలకలు వేసి కారును వాటి మీదికి దించండి. అప్పుడు కారు బరువు చక్రాల మీదే ఉంటుంది, కింద పానా తిప్పడానికి చోటూ ఉంటుంది. బానెట్ అంచు మీద చేతులతో నాలుగైదుసార్లు నొక్కి వదిలి, చక్రం నడిమి నుంచి మడ్‌గార్డు అంచు దాకా ఎత్తు కొలవండి. పని మొదలుపెట్టే ముందు ఇదే ఎత్తును కొలిచి రాసుకుని ఉంటే రెండూ దాదాపు ఒకటే రావాలి. అప్పుడు బుష్ బోల్టును, స్టెబిలైజర్ బార్ నట్టును సర్వీస్ మాన్యువల్‌లో ఇచ్చిన బిగువుకు టార్క్ రెంచ్‌తో బిగించండి. 2020లో ఇలా బిగించిన బుష్ ఇప్పటికీ చప్పుడు లేకుండా ఉంది.

బిగించిన నట్టు మీదుగా తెల్ల పెయింటుతో ఒక గీత గీసుకుంటే, వారం తరువాత వంగి చూసినా అది జరిగిందో లేదో తెలిసిపోతుంది. కుడివైపు బుష్ కూడా అంతే వయసుది కాబట్టి దాన్ని కూడా ఇదే విడతలో మార్చి, ఆ తరువాతే వీల్ అలైన్‌మెంట్ చేయించండి, లేకపోతే ఆ ఖర్చు రెండుసార్లు అవుతుంది.