ముందు నాన్నతో మాట్లాడు, తర్వాత మైసూరు బండెక్కు

ప్రశ్న: నాకు 21 ఏళ్లు. కాకినాడలో బీటెక్ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. ఎయిర్‌ఫోర్స్ అధికారుల ఉద్యోగాలకి పెట్టే రాత పరీక్ష ఏఎఫ్‌క్యాట్ పాసయ్యాను. ఫ్లయింగ్ బ్రాంచ్ కోసం, అంటే పైలట్ ఉద్యోగానికి, మైసూరులోని ఎయిర్‌ఫోర్స్ సెలక్షన్ బోర్డు నుంచి పిలుపొచ్చింది. ఇంకా ఆరు వారాలుంది. ఎత్తు 163 సెంటీమీటర్లు, కళ్లజోడు లేదు. ఈ సంగతి అమ్మకి తప్ప ఎవరికీ తెలీదు. నాన్న ఆర్టీసీ డ్రైవరు. బెంగళూరులో కంపెనీ ఇంటర్వ్యూ ఉందని అమ్మ ఆయనకి చెప్పింది. రెండేళ్లు నా ఫీజు మావయ్య కట్టాడు. చదువవగానే వాళ్లబ్బాయితో నా పెళ్లని పెద్దవాళ్లు అనేసుకున్నారు. బావ మంచివాడే. కాదంటే నాన్నకీ మావయ్యకీ మాటలుండవు. బావతో రిజిస్టర్ పెళ్లి చేసేసుకుని, ఎయిర్‌ఫోర్స్‌కి చెప్పకుండా ట్రైనింగ్‌కి వెళ్తే ఎలా ఉంటుంది? తెలిస్తే ఏం చేస్తారు?

జవాబు: వెళ్లకూడదమ్మా. ఆ ఆలోచన ఈ పూటే మానుకో. 25 ఏళ్లలోపు వాళ్లకి కోర్సు మొదలయ్యేనాటికి పెళ్లయి ఉండకూడదు. దరఖాస్తు పెట్టిన తర్వాత పెళ్లి చేసుకుంటే, బోర్డులో నెగ్గినా తీసుకోరు. ట్రైనింగ్ మధ్యలో చేసుకుంటే ఇంటికి పంపేస్తారు, నీ మీద ప్రభుత్వం పెట్టిన ఖర్చు వెనక్కి కట్టమంటారు. నిశ్చితార్థానికి అడ్డు లేదు. అయినా దొరుకుతామా లేదా అన్నది కాదు నేను చూసేది. రేపు నీ మాట మీద నమ్మకంతో ఇంకొకరు ప్రాణం పెట్టే ఉద్యోగంలోకి పోతూ, మొదటి కాగితం మీదే అబద్ధానికి సంతకం పెట్టాలనుకోవడం నాకు నచ్చలేదు.

నీ ఉత్తరం మళ్లీ చదువుకో. బావ గురించి ఉంది, మావయ్య గురించి ఉంది, అమ్మ చెప్పిన అబద్ధం ఉంది. నాన్నతో నువ్వు అన్న మాట ఒక్కటీ లేదు, ఆయన నీతో అన్నదీ లేదు. ఆయన ఒప్పుకోరని నువ్వూ అమ్మా వంటింట్లో కూర్చుని తేల్చేసుకున్నారు. చిన్నప్పటి నుంచీ నీకేం కావాలన్నా అమ్మ చేత అడిగించుకున్నావని నా అనుమానం. అసలు చిక్కు బావ దగ్గర లేదు, మావయ్య దగ్గరా లేదు. నీకూ నాన్నకీ మధ్య అమ్మ రాయబారం ఉంది చూడు, అక్కడుంది.

ఇది ఇంటి సంగతి, మైసూరు సంగతి వేరు అనుకోకు. బోర్డు దగ్గర మొదటి రోజే స్క్రీనింగ్. తెలివికి సంబంధించిన ప్రశ్నలు, తర్వాత ఒక మసక బొమ్మ చూపించి కథ రాయమని, దాని మీద గుంపులో మాట్లాడమని అడుగుతారు. అందులో పోయినవాళ్లు ఆ రోజే సంచి సర్దుకుంటారు. మిగిలినవాళ్లకి మానసిక పరీక్షలు. 60 మాటలు ఒకదాని వెంట ఒకటి తెర మీద పడతాయి, ఒక్కోదానికి 15 సెకన్లలో వాక్యం రాయాలి. ఆ మాటల్లో నాన్న, భయం, అబద్ధం లాంటివి వస్తే, కూర్చుకుని రాసే వ్యవధి ఉండదు. లోపలున్నదే చేతికొస్తుంది. ఆ తర్వాత 60 సందర్భాలు ఇచ్చి, అరగంటలో ఏం చేస్తావో రాయమంటారు. చివరగా నీ గురించి నువ్వు రాయాలి: మీ తల్లిదండ్రులు నీ గురించి ఏమనుకుంటారు, టీచర్లు, స్నేహితులు ఏమనుకుంటారు, నువ్వేమనుకుంటావు. అక్కడ నాన్న గురించి ఏం రాస్తావు? ఇంటర్వ్యూ చేసే అధికారి ముందు నాన్న ఉద్యోగం, చదువు, ఇంట్లో ఎందరు అన్నీ నింపిన ఫారం ఉంటుంది. ‘మీ నాన్నగారు ఏమన్నారు?’ అని అడగడం మామూలే. అప్పుడు రెండో అబద్ధం, దాన్ని నిలబెట్టడానికి మూడోది. ఇలాంటి వాళ్లని పట్టుకోవడమే అక్కడి వాళ్ల పని.

ఇంకొకటి, దీన్ని మామూలు ఇంటర్వ్యూ లెక్కన తీసుకోకు. ఏఎఫ్‌క్యాట్ వయసున్నంత కాలం మళ్లీ రాసుకోవచ్చు. కోర్సు మొదలయ్యేనాటికి 24 లోపు కాబట్టి నీకింకా వ్యవధి ఉంది. కానీ పైలట్ ఆప్టిట్యూడ్ కోసం పెట్టే సీపీఎస్ఎస్ పరీక్ష జీవితంలో ఒక్కసారే. కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, డయళ్లు చదివిస్తూ, చేత్తో ఒకటి కాలితో ఒకటి నడిపిస్తూ చూస్తారు. అందులో పోతే ఎయిర్‌ఫోర్స్‌లో మిగతా బ్రాంచీలకి ప్రయత్నించవచ్చేమో గానీ, పైలట్ దారి మూసుకుపోయినట్టే. ఇంట్లో అబద్ధం ఎప్పుడు బయటపడుతుందో అన్న గుబులుతో, రైల్లో నిద్రలేకుండా వెళ్లి కూర్చునే పరీక్ష కాదది.

నాన్న ముందు కూర్చునే లోపు నీ ఒంటి సంగతి తేల్చుకో. ఇంట్లో పెద్ద గొడవ పడి, చివరికి కంటి డాక్టరు దగ్గర ఆగిపోయే వాళ్లు చాలామంది. కళ్లజోడు లేదన్నంత మాత్రాన చూపు సరిపోతుందని కాదు. ఒక కన్ను 6/6, అంటే పూర్తి చూపు, రెండోది కనీసం 6/9 ఉండి అద్దంతో 6/6కి రావాలి. ఆ సడలింపు ప్లస్ పవర్ ఉన్నవాళ్లకే, అదీ +2.0 దాటకూడదు. మైనస్ పవర్‌కి ఫ్లయింగ్‌లో చోటు లేదు. అందుకని అద్దాల షాపులో కాకుండా డాక్టరు దగ్గర, చుక్కలు వేయించుకుని చూపించుకో. రంగు చుక్కల్లో అంకెలు దాగిన బొమ్మల పరీక్ష కూడా అడుగు. ఎత్తు కనీసం 162.5. నీది అంచు మీదుంది కాబట్టి ఆసుపత్రిలో కొలిపించుకో. చాలామందికి తెలియని కొలతలు ఇంకా ఉన్నాయి: కాలి పొడవు 99 నుంచి 120 సెంటీమీటర్లు, తొడ పొడవు 64 దాటకూడదు, కూర్చున్నప్పటి ఎత్తు 81.5 నుంచి 96. కాలు పొట్టిదైతే పెడల్ అందదు. తొడ పొడవైతే, ప్రమాదంలో సీటుతో సహా బయటికి ఎగిరిపోయేటప్పుడు మోకాళ్లు ముందున్న ప్యానెల్‌కి కొట్టుకుంటాయి. ఆ విసురుకి వెన్నెముక మీద ఒంటి బరువుకి పదిరెట్లు మించిన భారం పడుతుంది. వెన్ను ఎక్స్‌రేలు అంత పట్టుగా చూసేది అందుకే.

ఈ లెక్కలు మీ నాన్నకి నీకంటే బాగా అర్థమవుతాయి. డ్యూటీ ఎక్కడానికి కళ్లు చూపించుకునే మనిషి, బస్సులో మనుషుల్ని పెట్టుకుని నడిపే మనిషి. ఆయనకి కలల గురించి చెప్పకు, పని గురించి చెప్పు. డ్యూటీ దిగి, అన్నం తిని స్థిమితంగా ఉన్నప్పుడు, అమ్మని పక్కన పెట్టుకోకుండా కూర్చో. ముందుగా ‘బెంగళూరు అబద్ధం, అది నా కోసమే’ అని ఒప్పుకో. అమ్మ చెప్పింది అనకు, చెప్పించింది నువ్వే. ఆయన కేకలేస్తే వేయనీ, లేచి వెళ్లిపోకు.

తర్వాత ఉన్నదున్నట్టు చెప్పు. ట్రైనింగ్ మన హైదరాబాద్ పక్కన దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో, మొదట పిలాటస్ పీసీ-7 అనే శిక్షణ విమానం మీద. అక్కడ చూపిన నేర్పు, ఖాళీలు చూసి ఫైటరా, ట్రాన్స్‌పోర్టా, హెలికాప్టరా అన్నది వాళ్లు నిర్ణయిస్తారు. నువ్వు కోరుకున్నది రాకపోవచ్చు. ట్రైనింగ్‌లో నెలకి 56,100 రూపాయల స్టైపెండ్. షార్ట్ సర్వీస్ కాబట్టి 14 ఏళ్లు, దానికి పెన్షన్ ఉండదు. ఇది దాచకుండా చెప్పు, ఆయన పెన్షన్ లెక్క తప్పకుండా అడుగుతారు. ఎగరడం సరిగ్గా రాకపోతే మధ్యలో ఆపేస్తారు. అప్పుడు ఖాళీ ఉంటే వేరే బ్రాంచ్, లేకపోతే ఇల్లు. ఆడపిల్లకి ఇవేం పనులంటే, దుండిగల్ నుంచే 2016 జూన్ 18న అవని చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ ఫైటర్ పైలట్లుగా బయటికొచ్చారని చెప్పు. ప్రమాదం మాటకొస్తే, ఉండదని మాత్రం ఒట్టేయకు. విమానాలు కూలతాయని ఆయనా పేపర్లో చూస్తూనే ఉంటారు.

ఇక మావయ్య. ఆయన చేసింది సాయం, దానికి జన్మంతా కృతజ్ఞత ఉండాలి. కానీ ఫీజు బాకీ ఫీజుతోనే తీరుతుంది, పిల్లనిచ్చి తీర్చే బాకీలు నేను ఒప్పుకోను. రెండేళ్ల ఫీజు ఎంతో రాసి, ఎన్ని నెలల్లో ఇస్తావో నాన్నకి చూపించు. మావయ్యతో మాట నాన్నే మాట్లాడాలి, నువ్వు కాదు. రెండిళ్ల గౌరవం అలా నిలబడుతుంది. బావని ఆగమని అడగకు. ‘ఇప్పుడు పెళ్లి కుదరదు, నా కోసం కాచుకోకు’ అని మర్యాదగా చెప్పేయి.

నాన్న వద్దంటే? నీకు 21 దాటాయి, నీ సంతకం చాలు, వెళ్లు. కాకపోతే ఆయనకి చెప్పి వెళ్లు.

మూడు వారాల ముందే కాలేజీ ప్రిన్సిపాల్ దగ్గర ఆఖరి సంవత్సరం చదువుతున్నట్టు, బ్యాక్‌లాగ్‌లు లేనట్టు సర్టిఫికెట్ తీసుకో. ఆఖరి వారంలో అడిగితే సెలవులంటారు. టెన్త్, ఇంటర్ ఒరిజినల్స్ పెట్టుకో. మొదటిసారి వెళ్తున్నావు కాబట్టి రైలు ఛార్జీ వాళ్లిస్తారు, టికెట్టు పారేయకు.