షెఖీనా అమ్మవారా?

ప్రశ్న: ద్రాక్షారామంలో భీమేశ్వరుణ్ణి, మాణిక్యాంబను ఒకే ప్రాంగణంలో సేవించుకుంటూ పెరిగినదాన్ని. దేవుడు ఒక్కడేనని, ఆయనకు రూపం లేదని నమ్మే యూదుల రహస్య విద్యలో కూడా దైవానికి స్త్రీ తత్త్వం, పురుష తత్త్వం ఉన్నాయని ఒక ఉపన్యాసంలో విన్నాను. ‘షెఖీనా’ అంటే వారి అమ్మవారేనా? (ఒక పాఠకురాలు, రామచంద్రపురం)

జవాబు: అమ్మవారని అనలేమండి. షెఖీనా వేరే దేవత కాదు. ఆమెకు విగ్రహం లేదు, గుడి లేదు. ‘నివసించడం’ అనే అర్థమున్న హీబ్రూ ధాతువు నుంచి వచ్చిన ఆ మాటకు, మనుషుల నడుమ నెలకొన్న దైవ సాన్నిధ్యమని అర్థం. వ్యాకరణంలో అది స్త్రీలింగ పదం. ప్రాచీన యూదు పండితులు ఆ మాటను సాన్నిధ్యమనే అర్థంలోనే వాడగా, 12వ శతాబ్ది చివర దక్షిణ ఫ్రాన్స్‌లో వెలుగుచూసిన ‘బాహిర్’, 13వ శతాబ్ది చివర స్పెయిన్‌లో వెలుగుచూసిన ‘జొహార్’ గ్రంథాలు ఆమెను కుమార్తెగా, వధువుగా, రాణిగా వర్ణించాయి.

ఈ విద్య పేరు కబ్బాలా. అందులో మూల తత్త్వం ‘ఏన్ సోఫ్’, అంటే అంతం లేనిది. దానికి స్త్రీ పురుష భేదం లేదు. అది పది ‘సెఫిరోత్’గా, అంటే పది దివ్య ప్రకాశాలుగా వ్యక్తమయ్యాకే ఆ భేదం మొదలవుతుంది. వాటిలో హొఖ్మా (జ్ఞానం) తండ్రి, బీనా (వివేచన) తల్లి. వారికి పుట్టిన తిఫెరెత్ వరుడు, పదవదైన మల్ఖూత్ వధువు. ఆ మల్ఖూతే షెఖీనా.

ఇక్కడ పురుషుడంటే ఇచ్చేవాడు, స్త్రీ అంటే అందుకొని, తనలో నిలుపుకొని, రూపమిచ్చేది. అయితే ఈ లక్షణాలు ఎవరికీ శాశ్వతంగా అంటిపెట్టుకున్నవి కావు. బీనా హొఖ్మా నుంచి అందుకుంటుంది కనుక అక్కడ స్త్రీ. తన కిందనున్న ఏడింటికీ తానే పంచిపెడుతుంది కనుక వాటికి దాత. కబ్బాలా పండితులు ఈ ప్రవాహాన్ని నదిగా, కాలువలుగా, మల్ఖూత్‌ను ఆ నదులన్నీ కలిసే సముద్రంగా వర్ణించారు. మనుషుల పాపాలు ఆ కాలువలను పూడ్చేస్తాయన్నారు. ధవళేశ్వరం దగ్గర గోదావరి నుంచి నీరు అందుకునే కాలువే పొలానికి నీరిచ్చే కాలువ కూడా అని తెలిసిన మీకు, పైన పూడిక పడితే శివారు భూముల గతి ఏమవుతుందో చూసిన మీకు ఈ పోలికను ఇంతకన్నా విప్పి చెప్పనక్కరలేదు.

మన శాక్తంతో పోల్చినప్పుడు మాత్రం జాగ్రత్త అవసరం. శక్తి లేనిదే శివుడు కదలనైనా కదలలేడని మన శాక్తులు అంటారు: అక్కడ చలనమంతా అమ్మదే. కబ్బాలాలో ప్రవాహం పురుషుడి వైపు నుంచి వస్తుంది. పైగా కరుణ (హెసెద్) కుడివైపున పురుష పక్షంలోను, కఠిన న్యాయం (గెవురా) ఎడమవైపున స్త్రీ పక్షంలోను ఉంటాయి. ఈ విభజన నన్ను ఎప్పుడూ బాధిస్తుంది. ఇది పురుషులు పురుషుల కోసం రూపొందించుకున్న విద్య అని, ఈ రంగంలో అగ్రగణ్యుడైన గెర్షోమ్ షోలెమ్ 1941లోనే రాశారు. దైవంలో స్త్రీకి అంత చోటిచ్చిన సంప్రదాయం చదువుకునే చోట స్త్రీని కూర్చోనివ్వలేదన్న సంగతిని దాచి ఈ విద్యను పొగడడం న్యాయం కాదు.

నా దృష్టిలో ఈ విద్యకు ప్రాణం వేరొకటి ఉంది: వియోగం. ఇశ్రాయేలు ప్రజలు ఎక్కడికి చెరపట్టబడితే షెఖీనా అక్కడికి వెంట వెళ్లిందని యూదుల ప్రాచీన ధర్మచర్చల గ్రంథమైన తాల్ముద్ చెబుతుంది. కబ్బాలా దాన్ని తిఫెరెత్, షెఖీనా అనే దంపతుల ఎడబాటుగా, దైవంలోనే కలిగిన చీలికగా చూసింది. 1492లో స్పెయిన్ యూదులను వెళ్లగొట్టిన తరువాతి తరాలకు ఆ మాట ఎంతగా తాకి ఉంటుందో ఊహించండి. ప్రతి సత్కర్మా ఆ ఇద్దరినీ కలపాలన్న సంకల్పంతో చేయాలని వారు నేర్పారు. 16వ శతాబ్దిలో గలిలయలోని సఫెద్ పట్టణంలో సాధకులు శుక్రవారం సాయంత్రం పొలాల్లోకి వెళ్లి, యూదుల వారపు విశ్రాంతి దినమైన సబ్బాతును పెళ్లికూతురిగా ఎదుర్కొని తెచ్చేవారు. అక్కడి ష్లోమో అల్కబెత్స్ రచించిన ‘లెఖా దోదీ’ కీర్తనను నేటికీ యూదులు పాడుతూ, చివరి చరణం దగ్గర వెనుదిరిగి వధువుకు తలవంచి స్వాగతం పలుకుతారు. మాఘమాసంలో అంతర్వేది కల్యాణం చూసే మనకు ఆ ఆనందం తెలియనిది కాదు. కాని కబ్బాలాలో మనిషి పెళ్లి చూడడానికి వచ్చిన భక్తుడు మాత్రమే కాదు, ఆ పెళ్లి జరగడంలో అతని నడవడికకూ పాత్ర ఉంది.

ప్రశ్న: మొదటి మనిషి అర్ధనారీశ్వరుడిలా పుట్టాడని యూదులు నమ్ముతారా? (ఒక పాఠకుడు, పాలకొల్లు)

జవాబు: అలాంటి వ్యాఖ్యానం ఒకటి ఉంది. ఆదికాండములోని ‘స్త్రీనిగాను పురుషునిగాను వారిని సృజించెను’ అన్న వాక్యాన్ని వివరిస్తూ, ఆదాము రెండు ముఖాలతో పుట్టాడని, దేవుడు అతణ్ణి రంపంతో కోసినట్టు రెండుగా విడదీశాడని ప్రాచీన వ్యాఖ్యాతలు చెప్పారు. అర్ధనారీశ్వరుడిలో ఇద్దరూ పక్కపక్కన ఉంటారు. ఇక్కడ వీపుకు వీపు అంటుకొని ఉన్నారు. సఫెద్‌లో బోధించిన ఇసాకు లూరియా (1534–1572) శిష్యులు దీన్ని దైవ తత్త్వాలకే అన్వయించి, వీపు తిప్పుకొని ఉన్న దంపతులు ఎదురెదురుగా తిరగడమే మనుషుల ప్రార్థనలకు లక్ష్యమన్నారు. దీనికి సరిపోయే పాత కథ తాల్ముద్‌లోనే కనిపిస్తుంది: యెరూషలేము ఆలయంలోని రెండు కెరూబుల (రెక్కలున్న దివ్య జీవుల) ప్రతిమలు, ప్రజలు దేవుని చిత్తం నెరవేర్చినప్పుడు ఒకదాని ముఖం ఒకటి చూసుకునేవట, తప్పినప్పుడు గోడ వైపు తిరిగేవట.