పవర్‌హౌస్‌లో చేరబోతున్న నీకు

బాబూ,

జలవిద్యుత్ కేంద్రంలో ఉద్యోగమన్నావు, సంతోషం. చేరగానే అందరూ నిన్ను జనరేటర్ దగ్గరికే తీసుకెళ్తారు, చూడ్డానికి అదే ఘనంగా ఉంటుంది మరి. నువ్వు మాత్రం వీలు చూసుకుని నీళ్ల దారి మొత్తం ఒకసారి నడువు: నీళ్లు లోపలికొచ్చే ఇన్‌టేక్ గేటు, చెత్తని ఆపే ట్రాష్ రాక్, నీళ్లని కిందికి దించే పెద్ద పైపు పెన్‌స్టాక్, ఆ నీళ్లు తిప్పే టర్బైన్, దాని కింద నీళ్లు బయటికెళ్లే గొట్టం డ్రాఫ్ట్ ట్యూబ్, బయట ఆ నీళ్లు పోయే కాలువ టెయిల్‌రేస్. ట్రాష్ రాక్‌కి చెత్త పట్టేసిందనుకో, రిజర్వాయర్ నిండుగా ఉన్నా యూనిట్ (టర్బైన్, జనరేటర్ జంట) పూర్తి లోడ్ తీసుకోదు, అంటే ఇవ్వాల్సినంత కరెంటు ఇవ్వదు, కొత్తవాళ్లేమో తప్పు గవర్నర్‌లో (టర్బైన్ స్పీడునీ లోడ్‌నీ అదుపు చేసే పరికరం) వెతుకుతూ కూర్చుంటారు.

డ్యామ్ ఎత్తెంత అని అడక్కు. పై నీటిమట్టానికీ టెయిల్‌రేస్ మట్టానికీ తేడా ఎంతో అడుగు, హెడ్ అంటే అదే. సెకనుకి ఒక ఘనపు మీటరు నీళ్లు 100 మీటర్ల హెడ్ మీద దిగితే 981 కిలోవాట్లు, మొత్తం సామర్థ్యం 90 శాతం అనుకుంటే చేతికొచ్చేది 880 పైచిలుకు. వరదల్లో కింది మట్టం కూడా లేస్తుంది కాబట్టి నీళ్లు ఎక్కువున్నా హెడ్ తగ్గొచ్చు.

40 పోల్స్ (అయస్కాంత ధ్రువాలు) ఉన్న రోటర్, అంటే జనరేటర్‌లో తిరిగే భాగం, 50 హెర్ట్జ్ ఇవ్వాలంటే నిమిషానికి 150 చుట్లు తిరగాలి. పెద్ద గ్రిడ్‌తో సింక్రనైజ్ అయ్యాక (అంటే దాని లయలో కలిసి తిరుగుతున్నప్పుడు) గైడ్ వేన్లు, అంటే టర్బైన్‌లోకి నీళ్లని వదిలే రెక్కలు, ఇంకాస్త తెరిస్తే స్పీడు పెరగదు, లోడ్ పెరుగుతుంది. ఇది బుర్రకెక్కితే సగం పని వచ్చినట్టే.

ఇక అసలు సంగతి. తెరవడం ఎవరైనా తెరుస్తారు, మూయడం నేర్చుకో. లైను ట్రిప్పయి లోడ్ ఒక్కసారిగా పోయిందంటే రోటర్‌ని పట్టి ఉంచేది ఏమీ ఉండదు, స్పీడు ఎగబాకుతుంది, గైడ్ వేన్లు వెంటనే మూయాలి, కానీ మరీ గబుక్కున మూస్తే పెన్‌స్టాక్‌లో పరుగెత్తుతున్న నీళ్లు ఎటూ పోలేక ప్రెషర్ ఒక్కసారిగా లేస్తుంది (వాటర్ హామర్ అనేది దీన్నే, పైపు పగిలేంత బలం దానికుంది). అందుకే మూసుకునే టైము లెక్కగట్టి పెడతారు, పొడవైన దారైతే ఆ ప్రెషర్‌ని తట్టుకోడానికి నీళ్లు పైకి ఎక్కే సర్జ్ ట్యాంకు కూడా కడతారు. ఆ సెట్టింగ్ ఎవరు తొందరపెట్టినా నీ అంతట నువ్వు ముట్టుకోకు.

డ్రాఫ్ట్ ట్యూబ్ దగ్గర చెవి పెట్టి వినడం అలవాటు చేసుకో. లోపల గులకరాళ్లు దొర్లుతున్నట్టు చప్పుడొస్తే కేవిటేషన్ (నీళ్లలో ఆవిరి బుడగలు పుట్టి పగలడం) అని అనుమానించు, ఆ లోడ్ దగ్గర యూనిట్‌ని ఎక్కువసేపు నడపనివ్వకు, రన్నర్ (టర్బైన్‌లో తిరిగే చక్రం) బ్లేడ్లు గుంటలు పడిపోతాయి.

ఇదంతా ఫ్రాన్సిస్ టర్బైన్‌ని మనసులో పెట్టుకుని రాశాను. మీది ఏ రకమో కనుక్కుని రాయి, పెల్టన్ అయితే గైడ్ వేన్లే ఉండవు, నీళ్లని చిమ్మే నాజిళ్లూ, ఆ ధారని పక్కకి మళ్లించే డిఫ్లెక్టర్ల గురించి విడిగా చెబుతాను.