వేళ్ల మీద తెల్లటి పిండి: బూజా, పిండినల్లా? చూసి గుర్తుపట్టడం ఎలా?

రాజాం నుంచి అడిగిన చెల్లెమ్మకి,

డాబా మీది ఎడారి గులాబీ ఎదుగుదల ఆగి ఆకులు పసుపు తిరిగాయన్నారు. కుండీ బోర్లిస్తే వేళ్లకీ, కుండీ లోపలి గోడకీ తెల్లటి పిండి అంటుకుని ఉందన్నారు. పక్కింటివాళ్లు బూజు అన్నారు, షాపులో బూజు మందు ఇచ్చారు. పొయ్యకముందే ఆగి అడిగారు, చాలా మంచి పని చేశారు. ఎందుకంటే అది వేళ్ల రసం పీల్చి బతికే పిండినల్లి అనే పురుగు అయితే బూజు మందుతో దానికేమీ కాదు. ఈలోగా అది పక్క కుండీలకి చేరిపోతుంది.

నేను నరసన్నపేట దగ్గర చిన్న నర్సరీ నడుపుతాను. కుండీ మొక్కల్లో ఈ గొడవ తరచూ చూస్తుంటాను. నేను చెప్పేది ఒకటే: తెలుపుని చూసి తేల్చెయ్యొద్దు, దాని కింద ఒళ్లు ఉందో లేదో చూడండి. ఆ పిండి పురుగు కాదు. పురుగు ఒంటి మీది గ్రంథుల నుంచి ఊరే మైనం. వేళ్ల మీద తెల్లగా కనిపించేవి ఇంకా చాలా ఉన్నాయి.

కంసాలులు వాడే పది రెట్ల లెన్స్ ఒకటి కొనుక్కోండి. దొరక్కపోతే ఫోన్ కెమెరాని దగ్గరగా పెట్టి జూమ్ చేసినా కొంత పని జరుగుతుంది. నల్ల కాగితం మీద వేరు ముక్క పెట్టి, సన్న బ్రష్షుతో తెల్లటి మచ్చ మీద సర్జికల్ స్పిరిట్ ఒక చుక్క వెయ్యండి. పిండినల్లి అయితే మైనం తడిసి కరిగి, కింద లేత పసుపు, తెలుపు లేదా గులాబీ రంగు ఒళ్లు బయటపడుతుంది. బూజు అయితే దారాలు తడిసి అణుగుతాయి తప్ప మాయం కావు, వాటి కింద ఒళ్లూ ఉండదు. నీళ్లలోని లవణం పేరుకుంటే గట్టి పెచ్చులా ఉంటుంది, స్పిరిట్‌కి కదలదు.

ఒళ్లు బయటపడ్డాక తొందరపడకుండా చూడండి. ఇక్కడే అసలు సంగతంతా ఉంది. వేళ్లలో ఉండే పిండినల్లి పెద్దది బియ్యపు నూకంత ఉంటుంది, మామూలుగా ఒకటిన్నర నుంచి మూడు మిల్లీమీటర్లు. ఒళ్లు మెత్తన, పొడవాటి కోలగా ఉంటుంది, అడ్డంగా మడతలు కనిపిస్తాయి. తిరగేస్తే కింద ఆరు పొట్టి కాళ్లు, ముందు రెండు మీసాలు. రెక్కలు ఉండవు, మనకి కనిపించేవి దాదాపు అన్నీ ఆడవే. మందారం కొమ్మల మీద కనిపించే పిండినల్లికి ఒంటి అంచు చుట్టూ తెల్లటి మైనపు పోగులు ఉంటాయి కదా, వేళ్ల మీద బతికే రైజీకస్ లాంటి రకాల్లో ఆ పోగులు ఉండవు. మట్టి చీకట్లో బతికేవి కాబట్టి కళ్లు బాగా చిన్నవి, కొన్నింటికి అసలే ఉండవు. మీసాలు పొట్టిగా, మోచెయ్యి వంగినట్టు వంగి, తల ముందు భాగంలో ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. పది రెట్ల లెన్స్‌తో ఈ మీసాల వంపు పట్టుకోవడం కష్టమే. కాళ్లు, మడతలు కనిపిస్తే చాలు, పిండినల్లి అనడానికి అవి సరిపోతాయి.

తెల్లటి దూది ముద్దలు విడిగా ఉంటే సూదితో విప్పి చూడండి. అవి గుడ్ల సంచులు కావచ్చు. అందులోంచి వచ్చే పిల్లలు మరీ చిన్నవి, పిండి లేకుండా చురుగ్గా పాకుతాయి. కుండీ కింది రంధ్రం నుంచి కారే నీళ్లతో పక్క కుండీకి వెళ్లేది ఎక్కువగా ఇవే.

వేళ్లకి పట్టే పేనుబంకతో (వేరు పేను) పొరపడతారు కొందరు. దాని ఒళ్లు వెనకవైపు ఉబ్బి ఉంటుంది, కాళ్లు, మీసాలు పొడవు. పేనుకి వెనక రెండు గొట్టాలు ఉంటాయని పుస్తకాల్లో ఉంటుంది గానీ, వేళ్ల మీది రకాల్లో అవి బాగా చిన్నవి లేదా ఉండవు. అందుకే నేను ఆ ఒక్క గుర్తు మీద ఆధారపడను. నులిపురుగుల బుడిపెలైతే వేరులోనే కలిసిపోయి ఉంటాయి, గోటితో ఊడిరావు. వేరుశనగ, మినుము పీకినప్పుడు కనిపించే గుండ్రటి బుడిపెలు ఊడివస్తాయి, కోస్తే లోపల గులాబీ రంగు. అవి నత్రజని ఇచ్చేవి, వాటిని పురుగనుకుని మందు పోస్తే మన పంటకే నష్టం.

సీతంపేట వైపు నుంచి అనాస పిలకలు తెచ్చుకునేవాళ్లకి ఒక మాట. పిలక మొదట్లో ఆకు మట్టలు విప్పితే, వేళ్ల దగ్గర కూడా, గులాబీ రంగు బొద్దు పిండినల్లి కనిపించవచ్చు. దీనికి చుట్టూ పొట్టి మైనపు పోగులు ఉంటాయి, వెనక పోగులు మాత్రం కాస్త పొడవు. దీని పేరు డిస్మికోకస్ బ్రెవిపెస్. అనాసలో ఎండుతెగులుకి సంబంధించిన వైరస్‌లని మోసేవాటిలో ఇదొకటి. మీ కుండీలోది సన్నగా, పోగులు లేకుండా ఉంటే ఇది కాదని ధైర్యంగా అనుకోవచ్చు.

చీమలని కూడా చూడండి. పిండినల్లి విసర్జించే తియ్యటి జిగురు కోసం అవి కుండీ మట్టిలోనే గూడు కడతాయి. చీమలుంటే పిండినల్లి ఉన్నట్టే అని కాదు, కానీ వెతకాలి. మనకి దగ్గర్లోనే, ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి వెళ్తే వచ్చే చిలికా సరస్సులో ఒక దీవి మీద, మర్రి జాతి చెట్టు వేళ్ల దగ్గర చీమలతో కలిసి బతికే పిండినల్లి ఒకటి దొరికింది. 1924లో ఇటలీ కీటక శాస్త్రవేత్త సిల్వెస్ట్రి దానికి జీనోకోకస్ అన్నండాలై అని పేరు పెట్టారు. ముందు భాగం ఉబ్బి, వెనక పొట్ట సన్నగా ఉండే వింత ఆకారం దానిది. ఈ రకం పిండినల్లుల్ని సాకే అక్రోపైగా చీమల్లో కొత్త రాణి గూడు వదిలి ఎగిరేటప్పుడు ఒక పిండినల్లిని నోట కరుచుకుని వెళ్తుంది. కొత్త గూటికి మంద అక్కడి నుంచే మొదలు. ఇది చదివినప్పటి నుంచి నాకు మట్టి మీద గౌరవం ఇంకా పెరిగింది.

ఖచ్చితంగా ఏ జాతి అనేది మాత్రం లెన్స్‌తో తేలదు. పురుగుని క్షార ద్రావణంలో శుభ్రం చేసి, రంగు పట్టించి, గాజు పలక మీద అమర్చి, మైక్రోస్కోప్ కింద మైనపు రంధ్రాల ఆకారం, మీసాల కణుపులు చూస్తేనే చెప్పగలరు. ఫొటో చూసి జాతి పేరు చెప్పేవాళ్లని నేనైతే నమ్మను.

మీ పనికి అంత అవసరం లేదు. ఆ కుండీని వేరుగా పెట్టండి. పాత మట్టి అంతా తీసేసి కవర్లో కట్టి పారెయ్యండి, వేరే మొక్కకి వెయ్యొద్దు. వేళ్లు ధారగా కడిగి, కుళ్లినవి కోసి, మొక్కని నీడలో కొన్ని రోజులు ఆరనిచ్చి కొత్త మట్టిలో పెట్టండి. ఎడారి గులాబీ దీనికి తట్టుకుంటుంది. మట్టి కుండీ అయితే మరిగే నీళ్లతో కడగండి. పక్క కుండీల్లో కూడా ఒకటి రెండు లాగి వేళ్లు చూడండి, పైకి బాగున్నా సరే.

చాలా కుండీల్లో ఉంటే, మందు కొనే ముందు నమూనా ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రంలో గానీ, నైర వ్యవసాయ కళాశాలలో గానీ చూపించండి. పురుగుల్ని నీళ్లలో వెయ్యొద్దు, కుళ్లిపోతాయి. చిన్న సీసాలో స్పిరిట్ పోసి, పురుగులున్న వేరు ముక్కని అలాగే అందులో ముంచండి. మొక్క పేరు, ఊరు, తేదీ పెన్సిల్‌తో చీటీ మీద రాసి సీసా లోపలే వెయ్యండి. పెన్ను సిరా స్పిరిట్‌లో కరిగిపోతుంది.