నాన్న మాట నువ్వే అనేశావు

ప్రశ్న: మాది రాజమండ్రి. డబ్లిన్‌లో ఎమ్మెస్ చేస్తున్నాను. పదేళ్లు కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నాను. రోజూ నాన్నే స్కూటర్ మీద దింపి, క్లాసు అయ్యేదాకా మాస్టారి అరుగు మీద కూర్చునేవారు. ఇక్కడ పబ్బుల్లో సాయంత్రాలు అందరూ కలిసి ఐరిష్ జానపద సంగీతం వాయిస్తారు. స్మిత్‌ఫీల్డ్‌లో కాబుల్‌స్టోన్ అనే చోటికి మూడుసార్లు వెళ్లి గుమ్మం నుంచే తిరిగొచ్చేశాను. నేను మందు ముట్టను. కొత్తవాళ్లని కలుపుకునే చోటు ఎలా వెతుక్కోవాలి? నాన్నకి తెలిస్తే చదువు మాన్పించేస్తారు. గదిలోనే సాధన చేస్తున్నానని చెబుతున్నాను.

జవాబు: చోటు వెతకడానికి నేనెందుకు తల్లీ, గుమ్మం దాకా మూడుసార్లు వెళ్లొచ్చినదానివి! లోపలికెళ్లు, జ్యూస్ చెప్పుకో, వాయించేవాళ్లకి దగ్గరలో కూర్చో. మొదటిరోజు వయొలిన్ పెట్టెలోంచి తియ్యకు. వాళ్లు ఆగినప్పుడు ‘నేనూ కూర్చోవచ్చా’ అని అడుగు. రాని వరసకి విల్లు ఆడించకు, విను. ఒక్కో వరసని రెండు మూడుసార్లు తిప్పి ఇంకోదానిలోకి జారిపోతారు, ఎదురుగా నోట్సు పెట్టుకోరు. వినికిడితో నేర్చుకున్న నీకు అది కొత్తేం కాదు. తీగలు మాత్రం వాళ్ల శ్రుతికి మార్చుకో. మరీ టెన్షన్‌గా ఉంటే 1951 నుంచీ ఉన్న కోల్తస్ అనే సంగీత సంస్థ శాఖల్లో చేరు. నేర్చుకునేవాళ్ల కోసం నిదానంగా వాయించే స్లో సెషన్లు ఎక్కడ జరుగుతాయో కూడా వాకబు చెయ్యి. ఆ ప్రశ్న అయిపోయింది.

ఇక అసలు సంగతి. ‘మాన్పించేస్తారు’ అని నాన్న ఎప్పుడన్నారు? ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆయన అన్నమాట ఒక్కటీ లేదు. ఆయన నోట్లో మాట నువ్వే పెట్టి, దానికి నువ్వే భయపడి, రోజుకో అబద్ధం చెబుతున్నావు. నేనూ పబ్బు అంటే మొహం చిట్లించే తరందాన్నే. అయినా నాకు కోపం నువ్వు అక్కడికి వెళ్లినందుకు కాదు. పదేళ్లు దోమలు కుట్టించుకుంటూ అరుగు మీద కూర్చున్న మనిషికి, ఆ వయొలిన్ ఇప్పుడు ఎక్కడుందో తెలుసుకునే హక్కు లేదా? ఆ గుమ్మం దగ్గర నీ కాళ్లు ఆగింది ఐరిష్ వాళ్లని చూసి కాదని నా అనుమానం. ఇంటికి చెప్పని పని చేస్తున్నానన్న బెరుకుతో ఎవరి మధ్యా తలెత్తుకుని కూర్చోలేం.

ముత్తుస్వామి దీక్షితార్ పాశ్చాత్య వరసలకి సంస్కృతంలో మాటలు కట్టిన నొట్టుస్వరాలు మీ మాస్టారు నేర్పే ఉంటారు. ‘వందే మీనాక్షి’ వరస ‘రేక్స్ ఆఫ్ మ్యాలో’ అనే ఐరిష్ పాటదే. ఆ అరుగు మీద మీ నాన్న ఎన్నిసార్లు విని ఉంటారో! ఆదివారం వీడియో కాల్ చేసి అది వాయించు. ఏ దేశం వరసో చెప్పు. తర్వాత పబ్బు అనే మాట కూడా దాచకుండా చెప్పు. 2021లో కాబుల్‌స్టోన్ దగ్గర హోటల్ కడతామంటే కళాకారులు వాయిద్యాలతో రోడ్డెక్కారనీ, నగరపాలక సంస్థ అనుమతి ఇవ్వలేదనీ చెప్పు. సీసాల కోసం ఎవరూ అలా ఊరేగరని ఆయనకీ తెలుసు.

కేకలేస్తే వెయ్యనీ. ఫోన్ పెట్టేస్తారేమో. మర్నాడు ‘అది తిందా’ అని మీ అమ్మచేత అడిగిస్తారు. అప్పుడు మళ్లీ చెప్పు.