కుడి చేతి గడియారం

ప్రశ్న: మా అమ్మమ్మ ట్రంకుపెట్టెలో, పాత సినిమా పత్రికలోంచి కత్తిరించి దాచుకున్న ఒక నటి బొమ్మ దొరికింది. నకలు పంపుతున్నాను. కుడి చేతికి గడియారం, ఒడిలో హ్యాండ్‌బ్యాగు, నల్లబొట్టు. గడియారం కుడి చేతికి పెట్టుకుంటే మగరాయుడని అర్థమట, మా అత్తయ్య అంటున్నారు. నిజమేనా?
— ఒక పాఠకురాలు, కావలి

జవాబు: గడియారం సంగతి తర్వాత, ముందు పైట చూడండమ్మా. కుడి భుజం మీద ఉంది. మన వైపు చీరకట్టులో పైట ఎడమ భుజానికి కదా! నెగటివ్ తిరగేసి అచ్చు వేశారు, అంతే. ఆవిడ అందరిలాగే ఎడమ చేతికే పెట్టుకున్నారు. నెల్లూరు ట్రంకురోడ్డులో మా మామయ్య స్టూడియోలో పని నేర్చుకునేటప్పుడు నేనూ ఒక పెళ్లికూతురి ఫోటో ఇలాగే తిరగేశాను. పుట్టుమచ్చ ఆ చెంపకు ఎలా వచ్చిందని వాళ్లమ్మ నిలదీసింది. బొట్టు నల్లబొట్టు కాదు, కుంకుమే అయ్యుంటుంది. నలుపు తెలుపు ఫోటోలో, అందులోనూ ఎరుపును పట్టలేని పాతకాలపు ఫిల్ము మీద, ఎరుపు నల్లగానే పడుతుంది.

అయితే గడియారానికి అర్థమే లేదనను. బెంగళూరులో హెచ్‌ఎంటీ వాళ్లు 1961లో చేతిగడియారాలు మొదలుపెట్టేదాకా మంచి గడియారమంటే స్విస్ సరుకే. ఆడవాళ్ల చేతికి అది కనిపిస్తే కాలేజీకో ఉద్యోగానికో వెళ్లే మనిషి అనుకునేవారు. బ్యాగు కూడా అంతే, అందులో తన సొంత డబ్బు ఉన్నట్టు. పైగా కెమెరా ముందు కూర్చున్నవాళ్లకు పెద్ద చిక్కు చేతులే. ఎక్కడ పెట్టాలో తోచదు. బ్యాగు ఇస్తే కుదురుగా కూర్చుంటారు.

మా స్టూడియోలోనూ ఒక గడియారం ఉండేది. నడిచేది కాదు. ముళ్లు నాలుగూ ఇరవై దగ్గర ఆగిపోయాయి. సినిమా తారలా తీయమని వచ్చిన ప్రతి అమ్మాయికీ అదే కట్టేవాళ్లం. సన్నటి చేతులకు పట్టీ వదులై జారిపోతుంటే మామయ్య కింద కాగితం మడిచి పెట్టి, డయలు కెమెరా వైపు తిప్పి, చెయ్యి గడ్డం కింద ఆనించేవాడు. ఉదయం తీసినా సాయంత్రం తీసినా ఫోటోలో నాలుగూ ఇరవయ్యే.

మీ అమ్మమ్మగారు పెళ్లికి ముందు నెల్లూరులో తీయించుకున్న ఫోటో ఏదైనా ఆ పెట్టెలో ఉంటే, చేతి గడియారంలో టైమెంతయిందో చూసి రాయండి.